సీసా మీద పేరు

(నల్లగొండలో వైద్య విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మాటల తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

మైకు కొంచెం కిందికి దించు బాబూ. ఆ, చాలు. అందరికీ నమస్కారం.

మీ మేడమ్ గారు ఫోన్ చేసి "మా పిల్లలకు రీసెర్చ్ గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నప్పుడు, నంబర్ తప్పు కలిసిందేమో అనుకున్నాను. నేను డాక్టర్ని కాదు. బీఎస్సీ అయ్యాక డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేసి, 34 ఏళ్లు ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. పేపర్లలో నా పేరు పైన ఎక్కడా కనపడదు. కనపడితే చిట్టచివర, కృతజ్ఞతల దగ్గర, చిన్నక్షరాల్లో. అదీ రెండుసార్లే. ఒకసారి ఇంటిపేరు తప్పు పడింది. (నవ్వులు)

అయినా వస్తానన్నాను. మీరు చదివే ప్రతి పేపర్లో ఒక పట్టిక ఉంటుంది కదా, ఆ పట్టికలో ఒక్కో అంకె ఒక్కో సీసాలోంచి వచ్చింది. నీళ్లో, మూత్రమో, రక్తమో. సీసా మీద ఒక చీటీ. ఆ చీటీ రాసేది నాలాంటివాడు. ఎండలో, జీపు బానెట్ మీద పెట్టుకుని, ఇంకు ఆరకముందే చెయ్యి తగిలి చెరిగిపోతుంటే మళ్లీ రాసేవాడు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ చీటీ దగ్గరి సంగతే.

ఈ జిల్లా వాళ్లు ఎంతమంది ఉన్నారు ఇక్కడ? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. మీ తాతలకో నానమ్మలకో గారపళ్లు ఉన్నవాళ్లు చేతులు దించకండి. చూశారా, దాదాపు ఎవరూ దించలేదు. పక్క జిల్లా వాళ్లు వింతగా చూస్తున్నారు. మనకిది వింత కాదు. మా చిన్నప్పుడు పెళ్లిచూపుల్లో పిల్ల నవ్విందంటే ముందు పళ్లే చూసేవాళ్లు. ఏ ఊరి నీళ్లు తాగి పెరిగిందో అక్కడే తెలిసిపోయేది.

దీని పేరు ఫ్లోరోసిస్, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట రాసి పెట్టింది 1937లో. అది ఇక్కడ కాదు, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి వైపు. షార్ట్ అనే ఆయన, ఆయనతో పనిచేసినవాళ్లు రాశారు. కానీ అంతకుముందే అక్కడి రైతులు తమ ఎడ్లు కీళ్లు పట్టేసి నడవలేకపోవడం గమనించారని చెబుతారు. ఎద్దు కుంటితే రైతుకు ఆ రోజే తెలుస్తుంది. మనిషి నడుము పట్టేస్తే మాత్రం "వయసు మీద పడ్డది" అనుకుని పదేళ్లు గడిపేస్తాం. మన నల్లగొండ సంగతి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కి ఎక్కింది. రాసింది సిద్దిఖీ గారు. అదే ఏడాది డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది. ఈ రెండు సంగతులూ ఎక్కడ కలుస్తాయో తర్వాత చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

నీళ్లలోకి ఫ్లోరైడ్ ఎలా వస్తుందో మీకు పాఠంలో ఉంటుంది కాబట్టి త్వరగా చెప్పేస్తాను. మన కింద ఉన్నది గ్రానైట్ రాయి. అందులో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. రాతి పగుళ్లలో నీరు ఏళ్ల తరబడి నిలిచి రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. నీళ్లలో కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ ఉంటే ఫ్లోరైడ్ ఇంకా తేలిగ్గా కరుగుతుంది. మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే దారి లేకపోతే 1.5 దాకా సరే అంటారు. కోపం వచ్చినప్పుడు మన జిల్లా ఏం చేసిందో కూడా తెలుసుకోండి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది నిలబడ్డారు, ఈ నీళ్ల గోస దేశానికి వినపడాలని. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది.

ఇక నా పనికి వస్తాను.

మొదటి నియమం, ఫ్లోరైడ్ శాంపిల్ గాజు సీసాలో పట్టొద్దు. ప్లాస్టిక్ సీసాలోనే పట్టాలి. ఫ్లోరైడ్‌కు గాజుతో లావాదేవీ ఉంది. యాసిడ్ తోడైతే గాజునే తింటుంది, మన అంకె తప్పుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నేను శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గాజు సీసాలు బుట్ట నిండా పట్టుకెళ్లాను. మా సారు ఒక్కమాటా అనలేదు. బుట్ట కిందపెట్టించి, ఖాళీ పాలిథీన్ డబ్బాలు చేతికిచ్చారు. అంతే.

నీళ్ల శాంపిల్ తేలిక. బోరింగు నాలుగు నిమిషాలు కొట్టి, పైపులో నిలవున్న నీళ్లు పోయాక పట్టుకోవాలి. కష్టమంతా మూత్రంతోనే. ఒంట్లోకి ఎంత ఫ్లోరైడ్ పోతోంది, ఎంత బయటికి వస్తోంది తెలియాలంటే 24 గంటల మూత్రం మొత్తం కావాలి. చెప్పడానికి ఒక్క వాక్యం. చేసి చూడండి. తెల్లారి లేచాక మొదటిది పారబోయాలి, అప్పటినుంచి మర్నాడు పొద్దున దాకా వచ్చిందంతా క్యాన్‌లో పట్టాలి. మనిషేమో పొద్దున్నే పొలం పోతాడు. క్యాన్ ఇంట్లో ఉంటుంది. పొలంలో గట్టు ఉంటుంది. (నవ్వులు) ఆడవాళ్లయితే ఆ క్యాన్ చేతిలో పట్టుకుని నలుగురిలో నడవాలంటేనే సిగ్గు. సాయంత్రం కల్లు తాగినవాడి లెక్క వేరే. ఆ ఒక్క రాత్రే క్యాన్ నిండిపోతుంది.

ఒక ఊళ్లో ఒక ముసలమ్మ క్యాన్ అంచుదాకా నింపి ఇచ్చింది. ఇంత ఎట్లా అని అడిగితే, "సగమే అయింది సారు. మీకు తక్కువైతదేమో అని రెండు చెంబులు బాయి నీళ్లు పోసిన" అంది. పాపం, మాకు మేలు చేద్దామనుకుంది. ఆమె చెప్పింది కాబట్టి తెలిసింది. చెప్పనివాళ్ల సంగతి? అందుకే మూత్రంలో క్రియాటినిన్ కూడా చూస్తాం, కండరాల నుంచి వచ్చే వ్యర్థం అది. ఒక మనిషి రోజుకు బయటికి పంపే క్రియాటినిన్ పెద్దగా మారదు. అది మరీ తక్కువగా వచ్చిందంటే గట్టు మీద కొంత పోయిందని అర్థం. మీరు పీజీలో థీసిస్ చేస్తారు. 24 గంటల మూత్రం అని రాసిన చోట క్రియాటినిన్ అంకె లేకపోతే నాకు నమ్మకం కుదరదు, మీ గైడ్‌కు కుదిరినా సరే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. దీనికోసమే వచ్చాననుకోండి.

మన వైపు యాదగిరి నరసన్న పేరు పెట్టుకోని ఇల్లు లేదు. యాదయ్య, యాదమ్మ, యాదగిరి, యాదిరెడ్డి. ఒక ఊళ్లో మా లిస్టులో ఇద్దరు యాదయ్యలు వచ్చారు. ఇంటిపేరు కూడా ఒకటే, పాలివాళ్లు. వయసూ ఇంచుమించు ఒకటే. ఒకాయనకు నడుము వంగిపోయింది, మెడ తిప్పలేడు, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. రెండో ఆయన నాగలి పట్టే మనిషి, దిట్టంగా ఉన్నాడు. ఆ రోజు జీపు టైరు పంక్చరై ఆలస్యమైంది. చీటీలు అక్కడ రాయకుండా క్యాన్లు బండిలో వేసుకుని, దారిలో, చీకట్లో, గుర్తున్నంత వరకు రాశాను.

వారం తర్వాత రిజల్టు వచ్చింది. నడుము వంగినాయన మూత్రంలో ఫ్లోరైడ్ తక్కువ. దిట్టంగా ఉన్నాయనకు చాలా ఎక్కువ. మా డాక్టరు గారి కళ్లు మెరిశాయి. ఎందుకో మీరు చెప్పగలరు. (విద్యార్థుల్లోంచి: "కిడ్నీ!") అవును, కిడ్నీ. ఒకడి కిడ్నీ ఫ్లోరైడ్‌ను బయటికి తోసేస్తోంది, అందుకే బాగున్నాడు. ఇంకొకడి కిడ్నీ తోయలేకపోతోంది, అదంతా ఎముకల్లో చేరి వంగిపోయాడు. ఎంత అందంగా కుదిరిందో చూడండి. కిడ్నీ దెబ్బతింటే ఫ్లోరైడ్ ఒంట్లో నిలుస్తుందన్నది నిజమే కూడా. ఆయన బోర్డు మీద బొమ్మ వేసి మాకు అరగంట వివరించారు. ఇంకో పదిమంది కేసులు వెతకాలని ప్లాన్ వేశారు.

నేను మూడు రోజులు నిద్రపోలేదు. టెన్షన్. చీకట్లో రాసిన చీటీలు నాకు తెలుసు కదా. తప్పే జరిగిందని కూడా గట్టిగా తెలియదు, జరిగి ఉండొచ్చు అంతే. ఆ "ఉండొచ్చు" అనే మాట సీసా మీద ఎవరూ రాయరు. నాలుగో రోజు వెళ్లి చెప్పాను. ఆయన చాక్‌పీసు కింద పెట్టి, కాసేపు బోర్డు వైపే చూసి, డస్టర్ తీసుకుని ఆ బొమ్మ తుడిచేశారు. "రెండూ తీసెయ్. మళ్లీ పోయి పట్టుకురా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

సరే. కొలత సంగతి. నేను చేరినప్పుడు రంగు పద్ధతి, మీటరు పద్ధతి రెండూ ఉండేవి. స్పాడ్‌న్స్ అనే ఎర్ర రంగు ఉంటుంది. ఫ్లోరైడ్ ఎంత ఉంటే ఆ ఎరుపు అంత పాలిపోతుంది. రెండోది ఎలక్ట్రోడ్. దాని కొసన లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం, చిన్న బిళ్లంత. 1966లో కనిపెట్టారు. ఫ్లోరైడ్ తప్ప మిగతా వాటిని ఇంచుమించు పట్టించుకోదు. చాలా మంచి పనిముట్టు, కానీ ఒక మెలిక ఉంది. విడిగా తిరిగే ఫ్లోరైడ్‌నే అది లెక్కపెడుతుంది. మంద దొడ్లో ఉంటే బయట నిలబడి గొర్రెల్ని లెక్కపెట్టినట్టు. అల్యూమినియం ఉందనుకోండి, అదే దొడ్డి. ఫ్లోరైడ్‌ను పట్టి లోపల కట్టేస్తుంది. అందుకే కొలిచే ముందు టిసాబ్ అనే బఫర్ ద్రావణం కలుపుతాం. అందులో సీడీటీఏ అనే రసాయనం ఉంటుంది. అది అల్యూమినియాన్ని తను పట్టుకుని ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది.

ఇదంతా ఎందుకంటే, మన ఊరి పేరుతో ప్రపంచంలో ఒక పద్ధతి ఉంది. నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి, అంటే జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ వాళ్లు 1970లలో తయారుచేశారు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్. సున్నం పటికలో ఇరవయ్యో వంతు ఉంటే చాలు. ముందు గబగబా కలిపి, తర్వాత మెల్లగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచితే తెల్లటి తుక్కంతా ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. ఇంట్లో అయితే 40 లీటర్ల బకెట్, అడుగు నుంచి కాస్త పైన కుళాయి. కరెంటు అక్కర్లేదు, పెద్ద ఖర్చు లేదు. ఇథియోపియా, టాంజానియా దాకా పోయింది. అక్కడి పల్లెల్లో మన ఊరి పేరు పలుకుతారు, మన ఊరెక్కడుందో వాళ్లకు తెలియదు.

అయితే పటిక అంటేనే అల్యూమినియం. మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఒకసారి మా దగ్గర కొన్న బఫర్ అయిపోయింది. కొత్తది రావడానికి టైం పడుతుందన్నారు. ల్యాబ్‌లోనే తయారుచేద్దామని ఎసిటిక్ యాసిడ్, ఉప్పు, కాస్టిక్ అన్నీ కలిపాను. సీడీటీఏ స్టాకు లేదు. అది లేకుండానే కానిచ్చేశాం. బోరు నీళ్లు కొలిస్తే పాత అంకెలే వచ్చాయి, తేడా లేదు. ధైర్యం వచ్చింది. తర్వాత పటిక వేసి శుద్ధి చేసిన నీళ్లు కొలిచాం. అద్భుతం! ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదు. ఊరివాళ్లకు చెప్పాం, వాళ్లు సంతోషించారు. నెల తర్వాత సరైన బఫర్ వచ్చాక, ఎందుకో మిగిలిన ఆ శాంపిల్స్ మళ్లీ పెట్టాను. మీటరు పైకి పోయింది. ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు, దొడ్లో ఉంది. మేం చూడలేదు.

మళ్లీ ఆ ఊరికి వెళ్లి, మొన్న చెప్పింది తప్పు అని చెప్పాల్సి వచ్చింది. ఒక పెద్దాయన అన్నాడు: "మీరు మంచిగున్నయంటే తాగినం, ఇప్పుడు మంచిగ లేవంటున్నరు. మా నాలుకకు రెండూ ఒక్క తీర్గనే ఉన్నయి సారు." దీనికి నా దగ్గర జవాబు లేదు. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. వాళ్లకు మా అంకె తప్ప వేరే సాక్ష్యం లేదు.

ఆ బకెట్లు ఇళ్లలో ఎక్కువకాలం నిలవలేదు. పద్ధతి మంచిదే. కానీ ఎంత పటిక వేయాలన్నది ఆ బావి ఫ్లోరైడ్‌ను బట్టి, నీళ్ల క్షారతను బట్టి మారుతుంది. వానాకాలంలో ఒకటి, ఎండాకాలంలో ఒకటి. కూలికి పోయే ఆడమనిషి పొద్దున్నే లేచి పటిక తూచి, గంట ఆగి, తేరుకున్న నీళ్లు వంచుకోవాలి. ల్యాబ్‌లో కూర్చుని ఇది సులువైన పద్ధతి అని రాయడం సులువు.

నాగార్జునసాగర్ సంగతి చెబుతానన్నాను కదా. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఇద్దరూ లాన్సెట్‌లో ఒక పేపర్ రాశారు. మోకాళ్లు రెండూ లోపలికి ఒరిగి, నడుస్తుంటే ఒకదానికొకటి రాసుకునే కుర్రాళ్ల గురించి. ఎక్స్‌రేలో వెన్నెముక చిక్కగా తెల్లగా కనపడుతోంది, ఫ్లోరోసిస్‌లో ఉండాల్సినట్టే. కాళ్ల ఎముకలు మాత్రం పలచబడి ఉన్నాయి. మిగతా ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పెద్దగా కనపడని ఈ వంకర ఇక్కడి పిల్లల్లోనే ఎందుకు?

మీరైతే ఏం చేస్తారు? ఇంకో వంద బావుల నీళ్లు కొలుస్తారు. ఆ ఇద్దరూ మాత్రం ఈ కుర్రాళ్లు ఏం తింటున్నారని అడిగారు. జొన్న. జొన్న రొట్టె, జొన్న గటక. ఆ జొన్నలో మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా ఉందని తేలింది. మాలిబ్డినం ఒంట్లోని రాగిని మూత్రంలో బయటికి పంపిస్తుంది. రాగి తగ్గితే ఎముక అల్లిక బలహీనపడుతుంది. మరి జొన్నలోకి అంత మాలిబ్డినం ఎలా వచ్చింది? రిజర్వాయరు, కాలువల ఊటతో భూగర్భ జలం పైకొచ్చి, నేల క్షారం పెరిగి, అలాంటి నేలలో మొక్క మాలిబ్డినాన్ని ఎక్కువ పీల్చుకుంటుందని వాళ్ల ఊహ. ఆధారాలున్న ఊహ అని చెబుతాను, తీర్పు అని చెప్పను. అదే సంస్థలో తర్వాత మనుషుల మీద కొలిచి చూస్తే, అన్నం తిన్నప్పటికంటే జొన్న తిన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలిచింది. ఇది విని జొన్న రొట్టె మానేయకండి. ఇప్పుడు డాక్టర్లే రాసిస్తున్నారు షుగర్‌కి. (నవ్వులు) నీళ్లు బాగుంటే జొన్నతో తగువు లేదు. నాకు నచ్చింది ఆ ప్రశ్న. నీళ్ల జబ్బుకు కంచంలోకి తొంగిచూడాలని తోచడం.

కంచం అన్నాను కాబట్టి చింతపండు. 2002లో అదే జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు హైదరాబాద్ హాస్టల్ పిల్లలకు రోజూ మధ్యాహ్నం భోజనంలో 10 గ్రాముల చింతపండు ఇచ్చి, 18 రోజుల పాటు చూశారు. చివరి దాకా ఉన్నది 18 మంది. మూత్రంలో ఫ్లోరైడ్ విసర్జన పెరిగింది. ఈ వార్త మా ఊళ్లకు వచ్చేసరికి ఏమైందో తెలుసా? "చింతపండు తింటే ఫ్లోరైడ్ పోతది." మా అత్తగారు పచ్చిపులుసు రెండు పూటలా పెట్టింది. నిజానికి ఆ పిల్లలు ఆరోగ్యవంతులు, నడుము వంగినవాళ్లు కాదు. 18 రోజుల్లో మూత్రం సంగతి తెలిసింది, ఎముక సంగతి తెలియలేదు. పైగా వాళ్ల మూత్రంలో మెగ్నీషియం, జింకు తగ్గాయి కూడా, అంటే అవి ఒంట్లోనే మిగిలాయి. అది మంచి సంగతే, కానీ దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఫ్లోరైడ్ ప్రాంతంలోని కుర్రాళ్ల మీద కూడా చేశారు, శుద్ధిచేసిన నీళ్లకు తోడుగా చింతపండు ఇచ్చి. నీళ్లు మార్చకుండా పులుసు పోస్తే జబ్బు పోతుందని వాళ్లు ఎక్కడా అనలేదు. పేపర్లో ఎవరి మీద చేశారు, ఎన్నాళ్లు చేశారు అనే రెండు లైన్లు చదవకుండా చివరి లైను చదివితే ఇంట్లో పచ్చిపులుసు పెరుగుతుంది, అంతే.

సర్జరీ వైపు నేను వెళ్లే పని లేదు. ఒక్కసారి మాత్రం పనిపడింది. మీకు తెలుసు కదా, ఈ జబ్బులో ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్లు సున్నం పట్టి ఎముకల్లా మారతాయి. ముంజేతి ఎక్స్‌రే తీస్తే రెండు ఎముకల మధ్య పొర అంచు రంపపు పళ్లలా కనపడుతుంది. వెన్నెముకలో అదే జరిగితే వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతాయి. ఈ నరాల దెబ్బ గురించి న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి గారు ఎన్నో ఏళ్లు పనిచేశారు. ఆయన పాత నాణేల మీద కూడా రాశారు, అదీ ఇష్టంగానే.

ఒక సర్జన్ గారు ఒక రోగికి వెన్నెముక వెనక భాగం తీసి నలుగుతున్న వెన్నుపాముకు చోటిచ్చే ఆపరేషన్ చేశారు. మత్తు డాక్టరు ముందే తల పట్టుకున్నారట. మెడ వెనక్కి వంగదు, గొట్టం ఎలా వేయాలి? పక్కటెముకలు బిగుసుకుని ఛాతీ విచ్చుకోదు, ఊపిరి ఎలా? ఇక ఎముక సంగతి. "రాయి కొట్టినట్టుంది" అన్నారు సర్జన్ గారు బయటికొచ్చాక. డ్రిల్లు వేడెక్కుతుంటే సెలైన్ పోస్తూ మెల్లగా తొలిచారట. తీసిన ముక్కల్లో ఒకటి నాకు పంపించారు. వేలి గోరంత. మామూలు ఎముకకు కాస్త పసుపు ఛాయ ఉంటుంది. ఇది సుద్దముక్కలా తెల్లగా, ఆ సైజుకు బరువుగా ఉంది. కొవ్వు తీసి, ఆరబెట్టి, మఫుల్ ఫర్నేసులో బూడిద చేశాను. మామూలు మనిషి ఎముక బూడిదలో కిలోకు 500 నుంచి 1,000 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. మనిషి వంగిపోయే దశలో 8,000 దాటుతుందని పుస్తకాల్లో ఉంది. నేను మూడుసార్లు కొలిచాను. పుస్తకం తప్పు చెప్పలేదు.

ఆ ముక్క తీసుకునే ముందు సర్జన్ గారు రోగిని అడిగారట, పరీక్షకు పంపమంటావా అని. ఎలాగూ పారేసేదే అయినా అడిగారు. ఆయన ఏమన్నాడంటే, "తీసినంక నాకెందుకు సారు, పంపున్రి. గాని అండ్ల ఏమున్నదో నాకు గూడ చెప్పున్రి." నేను కొలిచేసరికి ఆయన డిశ్చార్జ్ అయ్యాడు. రిపోర్టు ఫైల్లోకి పోయింది. ఆయనకు ఎవరం చెప్పలేదు. సంతకం పెట్టించుకున్నాం కాబట్టి రూల్ ప్రకారం లోటేమీ లేదు.

ఇప్పుడు మీ సంగతి. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది. తర్వాత ఊళ్లకు నది నీళ్లు వచ్చాయి. మీ వయసువాళ్లలో వంగిన నడుములు మీరు చూడరు, సంతోషం. కానీ ఎముకలో చేరిన ఫ్లోరైడ్ నీళ్లు మారగానే దిగిపోదు, ఏళ్లు పడుతుంది. పాత రోగులు ఇంకా ఉన్నారు. వాళ్లను చూడటానికి జీపులేవీ రావడం లేదు.

మీరు తక్కువ ఖర్చులో ఒకటి చేయొచ్చు. ముందరి శాశ్వత పళ్ల ఎనామెల్ మొదటి నాలుగైదేళ్లలోనే ఏర్పడుతుంది. ఆ తర్వాత ఏ నీళ్లు తాగినా ఆ మచ్చ రాదు, వచ్చింది పోదు. అంటే బడి పిల్లవాడి పన్ను, వాడు పసివాడిగా ఉన్నప్పుడు ఇంట్లో ఏ నీళ్లు తాగించారో రాసిపెట్టిన డైరీ. మర్రిగూడ మండలం వైపు బడులకు వెళ్లండి. నల్లా నీళ్లు రాకముందు పుట్టిన పిల్లలు, వచ్చాక పుట్టిన పిల్లలు. ఒక టార్చి, ఒక అద్దం, పళ్ల మచ్చలు ఎంత ముదిరాయో గ్రేడు వేసే డీన్ ఇండెక్స్ కాగితం. ఒకటే షరతు, పళ్లు చూసే వాళ్లకు ఆ పిల్లవాడు ఏ ఏడాది పుట్టాడో తెలియకూడదు. తెలిస్తే కళ్లు మనం అనుకున్నదే చూస్తాయి. ఫొటో తీసి, పేర్లు తీసేసి, ఇంకొకరితో చూపించండి. ఇద్దరి లెక్కా ఎంత కలిసిందో కూడా రాయండి, కలవకపోయినా రాయండి. ఇంట్లో వంటకు ఇంకా బోరు నీళ్లే వాడుతున్నారేమో అడగండి. తాగేది నల్లా నీళ్లు, పప్పు ఉడికేది బోరు నీళ్లలో అయితే మీ లెక్క తప్పుతుంది.

టైం అయిపోయిందని మేడమ్ గారు వాచీ చూస్తున్నారు. ప్రశ్నలుంటే ఒకటి అడగండి.

(వెనక వరుసలోంచి ఒక విద్యార్థిని: "సార్, ఆ ఇద్దరు యాదయ్యలు... మళ్లీ పట్టుకొచ్చారా? ఏం తేలింది?")

పట్టుకొచ్చానమ్మా. ఆ వారమే వెళ్లాను. ఈసారి పగలే. ఇద్దరి ఇళ్లూ తిరిగి, క్యాన్ వాళ్ల చేతికిచ్చినప్పుడే చీటీ అంటించాను. తేలింది ఏంటంటే, వంగినాయనకే ఎక్కువ. ఆయనది బోరింగు, ఆ రెండో ఆయనది పొలం బాయి. కిడ్నీ కథ అక్కడితో అయిపోయింది.

వంగిన యాదయ్యకు జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేడు కాబట్టి నా చెప్పుల వైపు చూస్తూనే మాట్లాడాడు. "ఊర్లె నన్ను గూని యాదయ్య అంటరు సారు. సీస మీద గట్లనే రాసుకో. మల్ల తప్పు పోదు."

చీటీ నా చేతిలోనే ఉంది, పెన్ను మూత కూడా తీసి ఉంది. నేను లిస్టులో ఆయన నంబరు, 17 అని రాశాను.